పిలిస్తే పలికే మనిషి

బిడ్డకు వేళకు పాలు, శుభ్రమైన పక్క, రోగాల నుంచి రక్షణ సమకూరితే చాలునని, ఆప్యాయత అనేది వీలునుబట్టి అందించదగిన అదనపు సౌఖ్యం మాత్రమేనని ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఐరోపా, అమెరికాలలోని వైద్యులు, మనస్తత్వ శాస్త్రవేత్తలు అనేకులు నిజంగానే నమ్మారు. మనసు లోపలి సంగతులను పక్కనపెట్టి పైకి కనిపించే ప్రవర్తననే శాస్త్ర విషయంగా తీసుకోవాలన్న ప్రవర్తనావాదానికి ఆద్యుడైన జాన్ వాట్సన్, 1928లో వెలువరించిన శిశుపోషణ గ్రంథంలో, పిల్లలను ముద్దాడవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చేతి అలవాటై బిడ్డ ఎవరినీ కదలనివ్వదని తెలుగు ఇళ్లలో పెద్దలు నేటికీ చేసే హెచ్చరికలోనూ ఇలాంటి భయమే ఉంది. అయితే గత డెబ్భై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనలు ఈ ఆలోచనను తలకిందులు చేశాయి. తన పిలుపుకు పలికే ఒక ఎరిగిన మనిషి ఉండడం శిశువుకు ఆహారంతో సమానమైన అవసరమని, ఆ అవసరం తీరకపోతే మనసే కాక మెదడు, భాష, తెలివితేటలు, చివరికి ఒంటి ఎదుగుదల కూడా దెబ్బతింటాయని అవి చూపించాయి.

మొదటి సాక్ష్యాలు అనాథ శరణాలయాల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చాయి. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రెనే స్పిట్జ్ 1945లో ప్రచురించిన పరిశీలనలో, జైలు ఆవరణలో తల్లుల చేతుల్లోనే పెరుగుతున్న శిశువులను, అంతకన్నా పరిశుభ్రమైన శరణాలయంలో కొద్దిమంది నర్సుల సంరక్షణలో పెరుగుతున్న శిశువులను పోల్చి చూస్తే, శుభ్రతకు ఏ లోటూ లేని రెండో చోటనే పిల్లల ఎదుగుదల కుంటుపడి మరణాలు ఎక్కువయ్యాయని తేలింది. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న జాన్ బౌల్బీ (1907–1990), ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మేరకు ఇలాంటి ఆధారాలన్నిటినీ కూర్చి 1951లో ఒక నివేదిక సమర్పించారు. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ మరో అడుగు ముందుకు వేసి, హెర్నియా శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిన రెండేళ్ల అయిదు నెలల పాపను సినిమా కెమెరాతో చిత్రించారు. తనకు కావలసిన దృశ్యాలను ఏరుకున్నారన్న ఆక్షేపణ రాకుండా రోజూ నిర్ణీత సమయాల్లోనే చిత్రీకరించి, గోడ గడియారం కూడా దృశ్యంలో కనిపించేలా చూసుకున్నారు. 1952లో ఆ చిత్రాన్ని లండన్‌లోని వైద్యుల సభలో ప్రదర్శించినప్పుడు పలువురు ఆగ్రహించారు.

తల్లికి దూరమైన చిన్నపిల్లల్లో రాబర్ట్‌సన్ మూడు దశలను గుర్తించారు. మొదట ఏడుపుతో, గొడవతో నిరసన. తరువాత మూలన ముడుచుకుపోయే నిరాశ. ఆ తరువాత నిర్లిప్తత. ఈ మూడోదే అందరినీ మోసగిస్తుంది. బిడ్డ ఏడుపు మానేసి, పెట్టింది తిని, ఎవరు పలకరించినా నవ్వుతూ ఉంటే నర్సులు కుదుటపడిందని సంతోషించేవారు గాని, తల్లి వచ్చినప్పుడు ఆ బిడ్డ ముఖం తిప్పేసుకోవడాన్ని పట్టించుకునేవారు కాదు. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ధారాళంగా అనుమతించాలని బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ సిఫారసు చేయడానికి 1959 దాకా ఆగవలసి వచ్చింది. మంచం పక్కన తల్లో అమ్మమ్మో ఉండడం మన ఆసుపత్రుల్లో మామూలు సంగతి. సిబ్బంది కొరత వల్ల స్థిరపడిన ఆ ఆచారం పిల్లలకు ఎంత మేలైనదో గుర్తించినవారు తక్కువ.

ఈ పరిశీలనలకు బౌల్బీ ఒక సిద్ధాంత రూపం ఇచ్చారు. తల్లి పాలిస్తుంది కాబట్టే బిడ్డ ఆమెను అంటిపెట్టుకుంటుందన్న అప్పటి వాదాన్ని ఆయన అంగీకరించలేదు. ఏడవడం, నవ్వడం, పట్టుకోవడం, వెంటపడడం అన్నవి రక్షించగల పెద్దవారిని దగ్గర ఉంచుకోవడానికి పరిణామక్రమంలో మానవ శిశువుకు సంక్రమించిన ప్రవర్తనలని, వాటి చుట్టూ ఒక ప్రత్యేక వ్యక్తితో అల్లుకునే బంధమే అనుబంధమని ఆయన వివరించారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో జరిపి 1958లో వివరించిన ప్రయోగాలు ఈ వాదానికి బలమిచ్చాయి. తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్లలకు పాలసీసా అమర్చిన తీగల బొమ్మను, మెత్తని గుడ్డ చుట్టిన మరో బొమ్మను ఇస్తే, అవి పాలకోసం మాత్రమే తీగల బొమ్మ దగ్గరికి వెళ్లి మిగతా రోజంతా గుడ్డ బొమ్మనే కరచుకుని ఉండేవి. ఆ మూగజీవాలను పెట్టిన హింసను ఈనాడు సమర్థించడం కష్టం.

సిద్ధాంతాన్ని కొలవదగిన శాస్త్రంగా మార్చిన ఘనత మాత్రం మేరీ ఐన్స్‌వర్త్‌ది (1913–1999). ఆమె మొదట ఉగాండాలోని కంపాలా సమీప గ్రామాల్లో, తరువాత అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో తల్లీబిడ్డలను వారి ఇళ్లలోనే పరిశీలించారు. బాల్టిమోర్‌లో 26 కుటుంబాలను ఎంచుకుని, బిడ్డ పుట్టిన కొత్తలో మొదలుపెట్టి ఏడాది నిండేదాకా మూడు వారాలకు ఒకసారి, వెళ్లినప్పుడల్లా సుమారు నాలుగు గంటల చొప్పున పరిశీలకులు ఇళ్లలో కూర్చుని బిడ్డ ఏడ్చినప్పుడు, ఆకలేసినప్పుడు, ఆడుకుంటున్నప్పుడు తల్లి ఏం చేసిందో రాసుకున్నారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారని ఐన్స్‌వర్త్ బృందం 1972లో ప్రకటించింది. లెక్కగట్టిన పద్ధతిపై ఇతరులు అభ్యంతరాలు లేవనెత్తడం వల్ల ఆ ఒక్క ఫలితాన్ని తిరుగులేనిదిగా చెప్పలేము గాని, ఎత్తుకోవడం వల్ల పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం లేదన్న మాట ఆ తరువాతి పరిశోధనల్లోనూ నిలిచింది.

ఆ పరిశీలనలకు కొనసాగింపుగా ఆమె రూపొందించిన ‘అపరిచిత పరిస్థితి’ పరీక్ష ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు ఉద్దేశించినది. అందులో మొత్తం ఎనిమిది ఘట్టాలు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు లేదా అంతకన్నా తక్కువ. బొమ్మలు, కుర్చీలు ఉన్న ఒక కొత్త గదిలోకి తల్లి బిడ్డతో వస్తుంది. బిడ్డ బొమ్మల వైపు పాకుతుంది. ఒక అపరిచిత స్త్రీ వచ్చి కూర్చుంటుంది. తల్లి మెల్లగా బయటికి వెళుతుంది. కాసేపటికి తిరిగి వస్తుంది. మరోసారి వెళ్లి మళ్లీ వస్తుంది. అద్దం వెనుక నుంచి చూసే పరిశోధకులకు తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ప్రధానం కాదు, తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే ప్రధానం. ఎక్కువమంది పిల్లలు తల్లి దగ్గరికి చేరి, ఎత్తించుకుని, కొద్దిసేపట్లో ఊరడిల్లి మళ్లీ బొమ్మల వైపు దిగుతారు. దీన్ని భద్రమైన అనుబంధం అన్నారు. కొందరు తల్లి రాకను గమనించనట్టే ఉండి బొమ్మలపై చూపు నిలుపుతారు, వారిది విముఖ అనుబంధం. మరికొందరు తల్లిని పట్టుకుంటూనే ఆమెను తోసేస్తూ, ఎత్తుకున్నా ఊరడిల్లరు, వారిది సందిగ్ధ అనుబంధం. దగ్గరికి రాబోయి మధ్యలో గడ్డకట్టినట్టు ఆగిపోవడం వంటి దిక్కుతోచని ప్రవర్తన చూపే పిల్లల కోసం ఐన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్ తరువాత నాలుగో వర్గాన్ని చేర్చారు. అలాంటి ప్రవర్తన హింసకు, తీవ్ర నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లో ఎక్కువ.

వీటిలో విముఖ వర్గం పిల్లలు పైకి ఎంతో నిబ్బరంగా, స్వతంత్రంగా కనిపిస్తారు. కాని వారి గుండె వేగాన్ని కొలిచి చూస్తే, తల్లి వెళ్లినప్పుడు ఏడ్చే పిల్లల్లో మాదిరిగానే వారిలోనూ అది పెరుగుతుందని తేలింది. చెప్పుకున్నా ప్రయోజనం లేదని అనుభవంతో తెలిసిన బిడ్డ బాధను కనబడనివ్వదు. ‘మా వాడు అసలు ఏడవడు, ఎవరి దగ్గరైనా ఉంటాడు’ అని మురిసిపోయే ముందు ఇది తలచుకోదగిన సంగతి. అలాగని ఏడవని బిడ్డలందరూ బాధితులని కాదు, సహజ స్వభావంలో తేడాలు ఎప్పుడూ ఉంటాయి.

ఈ సిద్ధాంతం పేరుతో తల్లులకు జరిగిన అన్యాయం గురించి కూడా చెప్పుకోవాలి. బౌల్బీ తొలి రచనలను ఆసరా చేసుకుని, తల్లి గడప దాటితే బిడ్డ బతుకు పాడవుతుందని ప్రచారం చేసినవారికి కొదవ లేదు. ఆధారాలు అలా చెప్పడం లేదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ 60 మంది శిశువులను పరిశీలించి 1964లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వయసుకు చాలామంది పిల్లలు తండ్రి, తాతానానమ్మలు, తోబుట్టువులు వంటి పలువురితో అనుబంధం పెంచుకున్నారని, ఎక్కువ గంటలు గడిపినవారికన్నా తమ సంజ్ఞలకు చురుకుగా స్పందించినవారినే అంటిపెట్టుకున్నారని వెల్లడైంది. అమెరికాలో పది ప్రాంతాల్లో 1,300 మందికి పైగా పిల్లలను 1991 నుంచి వెంబడించిన బృహత్ అధ్యయనం కూడా, శిశు సంరక్షణ కేంద్రానికి పంపినంత మాత్రాన తల్లీబిడ్డల అనుబంధం దెబ్బతినదని, ఇంట్లో స్పందన కొరవడి బయటి సంరక్షణ కూడా నాసిరకమైనప్పుడే నష్టం కనిపించిందని తేల్చింది. ఉద్యోగానికి వెళ్లే తల్లి, బిడ్డను చూసుకునే అమ్మమ్మ ఉన్న ఇంటిని లోపభూయిష్టమైనదిగా చూడడానికి ఈ శాస్త్రంలో చోటు లేదు. అపరిచిత పరిస్థితి పరీక్షలో వేర్వేరు దేశాల ఫలితాలు కూడా ఒకే అచ్చులో లేవు. ఎనిమిది దేశాలకు చెందిన 32 అధ్యయనాలను కూర్చి మారినస్ వాన్ ఐజెన్‌డోర్న్, పీటర్ క్రూనెన్‌బర్గ్ 1988లో జరిపిన విశ్లేషణలో, భద్రమైన అనుబంధమే అంతటా ఎక్కువగా ఉన్నా, తల్లిని విడిచి ఉండడమే ఎరగని జపాన్ శిశువుల్లో సందిగ్ధత, చిన్ననాటి నుంచే స్వతంత్రతను ప్రోత్సహించే జర్మనీ శిశువుల్లో విముఖత చాలా చోట్లకన్నా ఎక్కువగా కనిపించాయి. అయినా దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడాకన్నా ఒకే దేశంలోని అధ్యయనాల మధ్య తేడాయే పెద్దది. బిడ్డ చంకదిగకుండా చేతులు మారుతూ పెరిగే తెలుగు ఇళ్లకు ఈ పరీక్షను యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటే అవుతుంది.

అనుబంధానికీ చదువుకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం ఆ పరీక్ష గదిలోనే ఉంది. ఊరడిల్లిన బిడ్డ తిరిగి బొమ్మల వైపు దిగుతుంది. భయం కలిగితే చేరడానికి చోటు ఉందన్న నమ్మకమే కొత్త వస్తువును తడిమి చూసే ధైర్యాన్ని ఇస్తుంది కాబట్టి, ఐన్స్‌వర్త్ తల్లిని అన్వేషణకు భద్రమైన ఆధారంగా వర్ణించారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అలన్ స్రూఫ్ బృందం ఏడాదిన్నర వయసులో అనుబంధాన్ని పరీక్షించిన పిల్లలకు రెండేళ్ల వయసులో కొన్ని చిక్కు పనులు అప్పగించినప్పుడు, భద్రమైన అనుబంధం ఉన్న పిల్లలు ఎక్కువ ఉత్సాహంతో, ఓపికతో వాటిని సాధించబూని, చేతకానప్పుడు తల్లి సాయం అడిగి తీసుకున్నారు. శిశువిద్యాలయానికి చేరాక వారే ఉపాధ్యాయులపై తక్కువగా ఆధారపడ్డారు. కావలసినప్పుడు ఎత్తుకున్న బిడ్డే తరువాత తన కాళ్లపై తాను నిలుస్తుందన్న ఈ ఫలితం వాట్సన్ సలహాకు సూటి జవాబు. అయితే ఏడాది వయసు నాటి ఒక పరీక్ష జీవితాంతానికి జాతకం కాదు. పరిస్థితులు మారితే అనుబంధం తీరు కూడా మారుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోలు క్షణాల స్థాయిలో ఎలా సాగుతుందో ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో రూపొందించిన ‘నిశ్చల ముఖం’ ప్రయోగం చూపుతుంది. బిడ్డతో ఆడుకుంటున్న తల్లిని ఒకటి రెండు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా చూస్తూ ఉండమంటే, నెలల శిశువు మొదట నవ్వుతుంది, చేతులు చాపుతుంది, వేలు చూపుతుంది, గొంతు పెంచుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పుకుని కుంగిపోతుంది. మనిషి ఎదుటే ఉన్నా స్పందన లేకపోతే బిడ్డ దాన్ని పసిగట్టగలదన్నమాట.

భాష నేర్చుకోవడంలో ఈ స్పందనకున్న పాత్ర తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తికరం. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని శిశువులు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ట, త ధ్వనుల తేడాను గుర్తించగలిగినా, పది నుంచి పన్నెండు నెలలకు ఆ శక్తిని చాలావరకు కోల్పోయారు. తెలుగులోనూ ఉన్న ఆ తేడాను ఇంగ్లీషు వాతావరణంలో పుట్టిన ప్రతి బిడ్డ చెవి మొదట్లో పట్టగలదు, వినబడకపోతే వదిలేస్తుంది. మరి వినిపించడానికి టీవీ చాలదా అన్న ప్రశ్నకు ప్యాట్రీషియా కూల్ 2003లో జవాబు చెప్పారు. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చైనీయ మాండరిన్ మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని, విడతకు 25 నిమిషాల చొప్పున 12 విడతలు కథలు చెప్పి ఆడించినప్పుడు ఆ భాషా ధ్వనులను వారు పట్టుకున్నారు. అదే సామగ్రిని తెర మీద చూపినప్పుడు, కేవలం శబ్దంగా వినిపించినప్పుడు ఏమీ నేర్చుకోలేదు. ముద్ద నోట్లో పెట్టడానికి సెల్‌ఫోన్ చేతికిచ్చే ఇళ్లలో, పక్కనే కూర్చున్న మనిషి ఆ పది నిమిషాల సేపు బిడ్డకు లేనట్టే అవుతున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు తెరలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాని తెరలన్నీ ఒకటి కావు. రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లలు ముందే రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్వలేకపోయినా, తమ మాటకు అప్పటికప్పుడు బదులిచ్చే వీడియోకాల్ నుంచి నేర్వగలిగారని 2014లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మనవరాలిని పేరుపెట్టి పిలిచి, ఆమె చూపిన బొమ్మ గురించి అడిగి, ఆమె ముద్దు పలుకులకు బదులిచ్చే నానమ్మ నిజంగానే తెలుగు నేర్పుతోంది.

ఈ మొత్తం వాదానికి అత్యంత బలమైన, అత్యంత బాధాకరమైన ఆధారం రుమేనియాలో దొరికింది. జనాభా పెంచాలని పాలకుడు నికొలాయ్ చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని నిషేధించడంతో, పెంచే స్తోమత లేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించాయి. 1989లో ఆ పాలన కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. వారిలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. అక్కడ తిండి, బట్ట, పడక ఉండేవి. లేనిది తన పిల్ల అని ఒక బిడ్డను దగ్గరకు తీసుకునే మనిషి. ఒక్కొక్క ఆయాకు పదిమందికి పైగా పిల్లలు, షిఫ్టు మారితే ఆయా మారడం, అందరికీ ఒకే వేళకు పాలు, ఒకే వేళకు స్నానం. పసిపిల్లల గదులు వింతగా నిశ్శబ్దంగా ఉండేవని అక్కడికి వెళ్లిన పరిశోధకులు చెప్పారు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఏడవడం మానేశారు. కొందరు తొట్టెల్లో కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేవారు.

2000 సంవత్సరంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు రాజధాని బుకారెస్ట్‌లోని ఆరు ఆశ్రమాల నుంచి 6 నుంచి 31 నెలల మధ్య వయసున్న 136 మందిని ఎంచుకుని, లాటరీ పద్ధతిలో 68 మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలినవారిని అప్పటి ఏర్పాటులోనే ఉంచి, బయట సొంత ఇళ్లలో పెరుగుతున్న పిల్లలతో పోల్చారు. కొందరిని ఆశ్రమంలో వదిలేయడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. పెంపుడు కుటుంబాలు దాదాపు లేని ఆ నగరంలో ఈ అధ్యయనమే వాటిని సృష్టించిందని, ఆశ్రమంలోని ఏ బిడ్డకు కుటుంబం దొరికినా తాము అడ్డుపడలేదని పరిశోధకులు జవాబిచ్చారు. ఆ జవాబు సబబైనదే అయినా మనసు పూర్తిగా సమాధానపడదు.

నాలుగున్నరేళ్ల వయసులో ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ, సగటున ఆశ్రమ పిల్లలకు 73, కుటుంబాలకు పంపిన పిల్లలకు 81, మొదటి నుంచీ సొంత ఇళ్లలో పెరిగిన పిల్లలకు 109 వచ్చింది. మూడున్నరేళ్ల వయసులో భద్రమైన అనుబంధం ఆశ్రమ బృందంలో సుమారు 18 శాతం మందికి, కుటుంబాలకు వెళ్లిన బృందంలో 49 శాతం మందికి, ఇళ్లలో పెరిగినవారిలో 65 శాతం మందికి కనిపించింది. మెదడు విద్యుత్ తరంగాలను ఎనిమిదేళ్ల వయసులో కొలిచినప్పుడు, రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి చేరినవారి తరంగాలు ఇళ్లలో పెరిగినవారి తరంగాలకు దగ్గరగా ఉన్నాయి. ఆ తరువాత చేరినవారివి ఆశ్రమ పిల్లల తరంగాలను పోలి ఉన్నాయి. ఇలా కొన్ని సామర్థ్యాలు రూపుదిద్దుకోవడానికి మెదడు ప్రత్యేకంగా సిద్ధంగా ఉండే కాలాన్ని సున్నిత దశ అంటారు. నష్టమంతా పూడలేదు, ఏకాగ్రతకు సంబంధించిన ఇబ్బందులు కుటుంబాలకు వెళ్లిన పిల్లల్లోనూ మిగిలిపోయాయి. తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి రెండేళ్లలోపు పిల్లలను ఆశ్రమాల్లో ఉంచరాదని రుమేనియా 2005 నుంచి చట్టాన్ని అమలుచేసింది.

భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా సంస్థల్లో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే పేర్కొంది. అయినా విడిచిపెట్టిన, అప్పగించిన పసిపిల్లలు దత్తత కుటుంబం చేతికి చేరేవరకు తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా శిశుగృహాల్లోనే గడపవలసి ఉంటుంది. ఒక పెద్ద మనిషికి కాగితాల పనిలో ఆరు నెలలు పెద్ద ఆలస్యం కాకపోవచ్చు గాని, ఆరు నెలల శిశువుకు అది పుట్టిన నాటి నుంచి గడిచిన మొత్తం కాలం. అందుకే ఆ నిరీక్షణ కాలం ఎలా గడుస్తుందన్నది ముఖ్యం.

ఈ విషయంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ శిశు నిలయాల్లో అమెరికా, రష్యా పరిశోధకులు కలిసి చేసి 2008లో వివరంగా ప్రచురించిన పని ఉపయోగపడుతుంది. వారు పిల్లలను కుటుంబాలకు పంపలేదు, ఆహారం మార్చలేదు. సుమారు పన్నెండు మంది ఉండే గదులను ఆరుగురి చొప్పున చిన్న బృందాలుగా విడదీసి, ప్రతి బృందానికి ఎప్పుడూ ఉండే ఆయాలను కేటాయించి, వయసు పెరిగిన కొద్దీ బిడ్డను ఒక గది నుంచి మరో గదికి మార్చే పద్ధతిని ఆపి, పిల్లల చూపుకు, పలుకుకు, ఏడుపుకు స్పందించడంలో ఆయాలకు శిక్షణ ఇచ్చి, రోజూ కొంతసేపు ఇతరులెవరినీ రానివ్వకుండా ఆయాలు తమ పిల్లలతో మాత్రమే గడిపేలా చేశారు. పిల్లల తెలివి, అనుబంధం మెరుగుపడ్డాయి. అదే తిండి తింటూనే ఎత్తు, బరువు కూడా పెరిగాయి. ఏ శిశుగృహంలోనైనా ఇలాంటి మార్పుకు కొత్త చట్టం, కొత్త భవనం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆయాల డ్యూటీ పట్టికను తిరగరాసి, ఏ బిడ్డకు ఏ ఆయా అన్నది పేరుపేరునా నిర్ణయించి, ఆ జతను నెలలపాటు మార్చకుండా ఉంచడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.